ఎపాక్సీ పదార్థాల ఉష్ణసహనం - క్యూరింగ్ ఉష్ణోగ్రత పాత్ర: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఎపాక్సీ పదార్థం ఎంత వేడిని తట్టుకుంటుంది అన్న ప్రశ్నకు రెసిన్ పేరు ఒక్కటే సమాధానం కాజాలదు. రెసిన్, హార్డెనర్ కలిసి ఏ ఉష్ణోగ్రత వద్ద, ఎంతకాలం గట్టిపడ్డాయన్నది కూడా ఉష్ణసహనాన్ని నిర్ణయిస్తుంది. తక్కువ ఉష్ణోగ్రత వద్ద క్యూర్ అయిన ఎపాక్సీ తన రసాయన నిర్మాణం అనుమతించే గరిష్ఠ ఉష్ణసహనాన్ని ఎందుకు అందుకోలేదో, పోస్ట్‌క్యూరింగ్ ఆ లోటును ఎలా పూరిస్తుందో, ప్రయోగశాలలో కొలిచిన విలువ కొన్నిసార్లు అసలు వస్తువును గురించి ఎందుకు తప్పుదోవ పట్టిస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఎపాక్సీ రెసిన్, హార్డెనర్, క్యూరింగ్, పోస్ట్‌క్యూరింగ్, గాజు పరివర్తన ఉష్ణోగ్రత, అడ్డుబంధాలు, క్రీప్.

1. ఉపోద్ఘాతం

విమానం రెక్కలోని కార్బన్ తంతువులను పట్టి ఉంచేది, సెల్‌ఫోన్‌లోని సర్క్యూట్ బోర్డుకు ఆధారమైనది, కాంక్రీటులో దింపిన ఉక్కు కడ్డీని కదలకుండా బిగించేది, ఇంట్లో విరిగిన వస్తువును అతికించేది - ఈ నాలుగూ ఎపాక్సీ కుటుంబానికి చెందినవే. స్విట్జర్లాండ్‌లో పియరీ కాస్టాన్, అమెరికాలో సిల్వన్ గ్రీన్‌లీ గత శతాబ్దం 30, 40 దశకాలలో విడివిడిగా చేసిన కృషి ఈ కుటుంబానికి పునాది వేసింది. కాస్టాన్ తొలుత దృష్టి పెట్టినది కృత్రిమ దంతాల తయారీకి పనికివచ్చే పదార్థం మీద. అక్కడి నుండి ఇది ఇంజనీరింగ్‌లోని దాదాపు అన్ని శాఖలకూ విస్తరించింది.

ఇంత విస్తృతంగా వాడుకలో ఉన్నందువల్లనే ఒక అపోహ కూడా స్థిరపడింది. "ఎపాక్సీ ఇన్ని డిగ్రీలు తట్టుకుంటుంది" అని ఒకే సంఖ్యతో చెప్పడం పరిపాటి అయింది. ఒకే డబ్బాలోని రెసిన్‌ను ఒకే హార్డెనర్‌తో కలిపి, ఒక భాగాన్ని గది ఉష్ణోగ్రత వద్ద, మరొక భాగాన్ని ఓవెన్‌లో గట్టిపరిస్తే, ఆ రెండు ముక్కల ఉష్ణసహనంలో 50 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వ్యత్యాసం రావచ్చు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. చేతితో తట్టి చూసినా తేడా తెలియదు. వేడి, బరువు, కాలం మూడూ కలిసి పనిచేసినప్పుడే ఆ తేడా బయటపడుతుంది. (ఈ వ్యాసంలోని ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ మానంలోనివి.)

2. ఉష్ణసహనం అంటే ఏ ఉష్ణోగ్రత?

ఉష్ణసహనం అనే ఒకే మాట కింద కనీసం నాలుగు వేర్వేరు ఉష్ణోగ్రతలు కలగాపులగమవుతున్నాయి. వాటిని ముందుగా విడదీసి చూడాలి.

మొదటిది గాజు పరివర్తన ఉష్ణోగ్రత. దీనిని పరిశోధకులు క్లుప్తంగా టీజీ అంటారు. ఇంతకంటే తక్కువ వేడిలో ఎపాక్సీ గాజులా బిరుసుగా ఉంటుంది. దీనిని దాటితే రబ్బరులా మెత్తబడుతుంది. బిరుసుదశలో సుమారు 3 గిగాపాస్కల్‌లు ఉండే స్థితిస్థాపక గుణకం, రబ్బరుదశలో కొన్ని పదుల మెగాపాస్కల్‌లకు, అంటే దాదాపు నూరో వంతుకు పడిపోతుంది. అడ్డుబంధాలు ఉన్నందున ఎపాక్సీ మైనంలా కరిగి కారిపోదు. కాని బరువు మోసే శక్తిని మాత్రం కోల్పోతుంది.

రెండవది ఉష్ణ విరూపణ ఉష్ణోగ్రత. నిర్ణీత భారం కింద కడ్డీ నిర్ణీత మేరకు వంగే ఉష్ణోగ్రత ఇది. దీనిని కొలిచే పద్ధతులను ఏఎస్‌టీఎం డీ648, ఐఎస్ఓ 75 ప్రమాణాలు నిర్దేశిస్తాయి. భారాన్ని మారిస్తే ఈ విలువ కూడా మారుతుంది.

మూడవది విఘటన ఉష్ణోగ్రత. ఇక్కడ రసాయన బంధాలే తెగిపోతాయి. ఎమీన్‌తో క్యూర్ అయిన సాధారణ ఎపాక్సీలలో, జడవాయువులో వేగంగా వేడిచేసినప్పుడు, 300 డిగ్రీలు దాటిన తరువాతనే ద్రవ్యరాశి గణనీయంగా తగ్గడం కనిపిస్తుంది. అంతమాత్రాన ఆ పదార్థం 300 డిగ్రీల వరకు పనికివస్తుందని అర్థం కాదు. 60 డిగ్రీలకే మెత్తబడే ఎపాక్సీ కూడా ఈ పరీక్షలో 300 డిగ్రీల దాకా తన బరువును నిలుపుకోగలదు.

నాలుగవది దీర్ఘకాలిక వినియోగ ఉష్ణోగ్రత. విద్యుత్ నిరోధక పదార్థాలను బీ, ఎఫ్, హెచ్ తరగతులుగా విభజించి వరుసగా 130, 155, 180 డిగ్రీల పరిమితులు నిర్దేశించడం ఈ దృష్టితోనే. ఏళ్ల తరబడి వేడిలో ఉన్నప్పుడు పదార్థం ఎంత నెమ్మదిగా క్షీణిస్తుందన్నదే ఇక్కడి కొలమానం.

ఈ నాలుగింటిలో ఏదో చెప్పకుండా "200 డిగ్రీలు తట్టుకుంటుంది" అని రాసిన వాక్యానికి శాస్త్రీయమైన అర్థం లేదు. భారం మోసే భాగాల విషయంలో నిర్ణాయకమైనది సాధారణంగా టీజీయే. క్యూరింగ్ ఉష్ణోగ్రత ప్రభావం అత్యంత ప్రత్యక్షంగా కనిపించేది కూడా దాని మీదనే.

3. వలయం నుండి వల వరకు

ఎక్కువగా వాడుకలో ఉన్న ఎపాక్సీ రెసిన్ బిస్ఫినాల్-ఏ, ఎపిక్లోరోహైడ్రిన్‌ల నుండి తయారవుతుంది. దాని అణువుకు రెండు కొసలలోనూ రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసి ఏర్పడిన మూడు పరమాణువుల వలయం ఉంటుంది. ఇంత చిన్న వలయంలోని బంధాలు సహజమైన కోణం నుండి బలవంతంగా వంగి ఉంటాయి. అందువల్ల ఎమీన్‌లోని హైడ్రోజన్ వంటి భాగస్వామి దొరకగానే వలయం తెరుచుకుని కొత్త బంధం ఏర్పడుతుంది.

ఉదాహరణకు ట్రైఇథిలీన్ టెట్రమీన్ అణుభారం 146. దానిలో చర్యాశీలమైన హైడ్రోజన్లు ఆరు. కాబట్టి ఒక్కో హైడ్రోజన్‌కు తుల్యభారం సుమారు 24.4. రెసిన్ తుల్యభారం 190 అనుకుంటే, 100 భాగాల రెసిన్‌కు సుమారు 13 భాగాల హార్డెనర్ కావాలి. ఈ నిష్పత్తిని కంటి అంచనాతో కలిపితే, మిగిలిపోయిన పదార్థం వలలో చేరక దానిని మెత్తబరుస్తుంది. హార్డెనర్ ఎక్కువైతే త్వరగా, దృఢంగా గట్టిపడుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు.

చర్య సాగేకొద్దీ అణువులు కొమ్మలు వేస్తూ, చివరకు పాత్ర అంతటా వ్యాపించిన ఒకే వలగా మారతాయి. ఆ క్షణాన్ని జెల్ దశ అంటారు. రెండు ఎపాక్సీ కొసలున్న అణువు, నాలుగు చర్యాశీల హైడ్రోజన్లున్న డైఎమీన్‌తో సమతుల్య నిష్పత్తిలో కలిసినప్పుడు, ఫ్లోరీ సిద్ధాంతం ప్రకారం సుమారు 58 శాతం చర్య ముగిసేసరికి జెల్ దశ వస్తుంది. ద్రవం ఇక ప్రవహించదు. "గట్టిపడింది" అని మనం అనుకునే దశకు చేరువవుతుంది. కాని మిగిలిన 42 శాతం చర్య ఇంకా జరగవలసి ఉంది. ఉష్ణసహనంలో అధికభాగం సమకూరేది ఆ మిగిలిన చర్యలోనే.

4. క్యూరింగ్ ఉష్ణోగ్రత విధించే హద్దు

చర్య సాగుతున్నకొద్దీ మిశ్రమం టీజీ పెరుగుతూ ఉంటుంది. ప్రారంభంలో అది సున్నా డిగ్రీల కంటే తక్కువ. బంధాలు పెరిగేకొద్దీ అణుఖండాల కదలిక తగ్గి, టీజీ పైకి వెళుతుంది. ఒక దశలో అది క్యూరింగ్ జరుగుతున్న ఉష్ణోగ్రతను అందుకుంటుంది. అప్పుడు పదార్థం గాజుస్థితిలోకి గడ్డకడుతుంది. చర్య జరగాలంటే ఎమీన్, ఎపాక్సైడ్ సమూహాలు ఒకదాన్ని ఒకటి చేరాలి. గాజుస్థితిలో ఆ కదలికకు వీలుండదు. అందువల్ల, చర్యాశీల సమూహాలు ఇంకా మిగిలి ఉన్నా, చర్య దాదాపు నిలిచిపోతుంది.

ఎపాక్సీ ఉష్ణసహనానికి మూలసూత్రం ఇదే. స్థిరమైన ఉష్ణోగ్రత వద్ద క్యూర్ చేస్తే, చివరికి లభించే టీజీ ఆ క్యూరింగ్ ఉష్ణోగ్రత కంటే సాధారణంగా 10 నుండి 30 డిగ్రీలు మాత్రమే ఎక్కువగా ఉంటుంది. రసాయన నిర్మాణం అనుమతించే గరిష్ఠ టీజీ ఎంత ఎక్కువైనా, తగినంత వేడి అందనిదే పదార్థం దానిని చేరలేదు. జెల్ దశ, గాజుస్థితి, పూర్ణ క్యూరింగ్‌ల మధ్యనున్న ఈ సంబంధాన్ని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ గిల్హామ్, ఆయన సహచరులు కాలం - ఉష్ణోగ్రత - పరివర్తన పటం రూపంలో క్రమబద్ధం చేశారు.

పై సూత్రాన్ని ట్రైఇథిలీన్ టెట్రమీన్ వ్యవస్థకు అన్వయిద్దాం. 25 డిగ్రీల వద్ద వారం రోజులు ఉంచినా దాని టీజీ 50-60 డిగ్రీల ప్రాంతంలోనే ఆగుతుంది. అదే నమూనాను తరువాత 100 డిగ్రీలు, ఆపైన వేడిచేస్తే టీజీ 120 డిగ్రీల పరిసరాలకు చేరుతుంది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో నీడలోని గాలి ఉష్ణోగ్రతే 45 డిగ్రీలకు చేరుతుంది. ఎండ నేరుగా పడే ముదురురంగు లోహఫలకం అంతకంటే 20 డిగ్రీలకు పైగా వేడెక్కగలదు. శీతాకాలంలో గది ఉష్ణోగ్రత వద్ద అతికించిన కీలు, వేసవి మధ్యాహ్నం తన టీజీని దాటిపోయే అవకాశం ఉందన్నమాట. శీతాకాలంలో చేసిన బలపరీక్ష ఈ ప్రమాదాన్ని పట్టుకోలేదు.

5. పోస్ట్‌క్యూరింగ్, దాని మెలకువలు

ఆగిపోయిన చర్యను తిరిగి సాగించడానికి ఉన్న మార్గం పదార్థాన్ని దాని ప్రస్తుత టీజీ కంటే పైకి వేడిచేయడం. దీనినే పోస్ట్‌క్యూరింగ్ అంటారు. వేడి అణువులకు కదలికను ఇస్తుంది, కదలిక చర్యకు దారితీస్తుంది, చర్య టీజీని మరింత పెంచుతుంది. అందువల్ల ఉష్ణోగ్రతను మెట్లు మెట్లుగా పెంచుతూ, ప్రతి మెట్టు వద్ద కొంతసేపు నిలపడం మంచి పద్ధతి. ఒక్కసారిగా పై మెట్టుకు తీసుకువెళితే, సగం క్యూర్ అయిన వస్తువు తన బరువుకే ఒంగిపోవచ్చు.

అలాగని మొదటి నుండే అధిక ఉష్ణోగ్రత వాడటం అన్నివేళలా శ్రేయస్కరం కాదు. ఎపాక్సీ - ఎమీన్ చర్య ఉష్ణమోచకమైనది. ఒక మోల్ ఎపాక్సైడ్ సమూహానికి సుమారు 100 కిలోజౌల్‌ల ఉష్ణం వెలువడుతుంది. ముందు చెప్పిన వ్యవస్థలో 190 గ్రాముల రెసిన్‌కు 24.4 గ్రాముల హార్డెనర్ చేరి మొత్తం 214 గ్రాములు కాగా, గ్రాముకు దాదాపు 470 జౌల్‌లు వస్తాయి. విశిష్టోష్ణాన్ని గ్రాముకు, డిగ్రీకి 2 జౌల్‌లుగా తీసుకుంటే, వేడి బయటికి పోయే దారి లేనప్పుడు మిశ్రమం 230 డిగ్రీలకు పైగా వేడెక్కగలదు. పలుచని పూతలో ఈ వేడి వెంటనే వెదజల్లుకుపోతుంది. డబ్బాలో నిలవ ఉన్న మిశ్రమంలో మాత్రం పొగలు వచ్చి, పగుళ్లు పడి, మధ్యభాగం మాడిపోయే ప్రమాదం ఉంది.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్యవేగం దాదాపు రెట్టింపు అవుతుందన్న స్థూల నియమం ఇక్కడ ఉపయోగపడుతుంది. 25 డిగ్రీల వద్ద 30 నిమిషాల పనికాలం ఉన్న మిశ్రమానికి 40 డిగ్రీల షెడ్డులో సుమారు 11 నిమిషాలే మిగులుతాయి. ఉత్పత్తి పత్రంలోని గది ఉష్ణోగ్రత అన్న మాట సాధారణంగా 23 లేదా 25 డిగ్రీలను సూచిస్తుందే గాని, వేసవిలోని మన గదిని కాదు.

6. హార్డెనర్ ఎంపిక - నిర్మాణం, మూల్యం

గరిష్ఠంగా ఎంత టీజీ సాధ్యమన్నది అణునిర్మాణం నిర్ణయిస్తుంది. మెలితిరగగల పొడవైన గొలుసులు టీజీని తగ్గిస్తాయి. బెంజీన్ వలయాల వంటి బిరుసైన నిర్మాణాలు, దగ్గర దగ్గరగా ఉన్న అడ్డుబంధాలు దానిని పెంచుతాయి.

డైఎమినోడైఫినైల్ సల్ఫోన్ అనే ఆరోమాటిక్ హార్డెనర్ అణుభారం 248, చర్యాశీల హైడ్రోజన్లు నాలుగు, తుల్యభారం 62. కాబట్టి 190 తుల్యభారమున్న రెసిన్‌లో 100 భాగాలకు సుమారు 33 భాగాలు అవసరం. దీనితో పూర్తిగా క్యూర్ అయిన బిస్ఫినాల్-ఏ ఎపాక్సీ టీజీ 200 డిగ్రీలు దాటుతుంది. నాలుగు ఎపాక్సీ కొసలున్న రెసిన్‌తో కలిస్తే అది 250 డిగ్రీల ప్రాంతానికి చేరగలదు. కాని ఈ ప్రయోజనానికి మూల్యం ఉంది. ఈ హార్డెనర్ గది ఉష్ణోగ్రత వద్ద ఘనపదార్థం, చర్యలో మందకొడి. విమానపరిశ్రమలో దీని ఆధారిత మిశ్రమాలను 180 డిగ్రీల పరిసరాలలో గంటల తరబడి క్యూర్ చేయడం అందుకే. పైగా అడ్డుబంధాలు దట్టమయ్యేకొద్దీ పదార్థం పెళుసవుతుంది. వేడి నుండి చల్లారేటప్పుడు తంతువులకు, రెసిన్‌కు మధ్య సంకోచంలో ఉన్న తేడా లోపలి ఒత్తిళ్లుగా మిగిలిపోతుంది.

డైసయాన్‌డైఎమైడ్‌ది వేరొక మార్గం. ఇది రెసిన్‌లో సన్నని పొడిగా నిద్రాణంగా ఉండి, వేడి తగిలినప్పుడే చర్యలో పాల్గొంటుంది. 160-180 డిగ్రీలు అవసరమయ్యే ఈ వ్యవస్థను, యూరియా తరహా ఉత్ప్రేరకం చేర్చి, 120-130 డిగ్రీల వద్దనే క్యూర్ చేయవచ్చు. అయితే తక్కువ ఉష్ణోగ్రత వద్ద సాధించిన ఆ సౌలభ్యానికి, నాల్గవ భాగంలో చెప్పిన హద్దు వర్తించకమానదు.

7. రెండు నిదర్శనాలు

మొదటిది సర్క్యూట్ బోర్డు. యూరోపియన్ యూనియన్ 2006 జులై 1 నుండి ఎలక్ట్రానిక్ పరికరాలలో సీసం వాడకంపై ఆంక్షలు అమలుచేసింది. 183 డిగ్రీల వద్ద కరిగే తగరం - సీసం టంకం స్థానంలో, 217 డిగ్రీలు దాటాక కరిగే తగరం - వెండి - రాగి టంకం వచ్చింది. టంకం వేసేటప్పుడు బోర్డు 245-260 డిగ్రీలను చవిచూడవలసి వచ్చింది. గాజునార - ఎపాక్సీ బోర్డు మందం దిశలో వ్యాకోచ గుణకం, టీజీ కంటే తక్కువలో డిగ్రీకి పదిలక్షలకు సుమారు 60 వంతులు, టీజీ దాటాక సుమారు 280 వంతులు అనుకుందాం. 1.6 మిల్లీమీటర్ల బోర్డును 25 నుండి 260 డిగ్రీలకు వేడిచేస్తే, టీజీ 140 అయినప్పుడు మందం సుమారు 65 మైక్రాన్లు పెరుగుతుంది. టీజీ 175 అయితే సుమారు 52 మైక్రాన్లు. బోర్డు రంధ్రాలలోని రాగి పూత తనంతట తాను పెరిగేది 6 మైక్రాన్లే. ఆ తేడానంతా భరించలేని రాగి చిట్లుతుంది. అధిక టీజీ బోర్డులకు గిరాకీ పెరగడానికి ఇదొక ప్రధాన కారణం.

రెండవది ప్రాణనష్టంతో ముడిపడినది. 2006 జులై 10న అమెరికాలోని బోస్టన్ నగరంలో, ఒక రహదారి సొరంగం పైకప్పుకు వేలాడదీసిన కాంక్రీటు పలకలు కారుపై కూలి, అందులోని ప్రయాణికురాలు మరణించింది. కూలిన సామగ్రి బరువు సుమారు 26 టన్నులు. ఆ పలకలను మోసే ఉక్కు బోల్టులను పైకప్పు రంధ్రాలలో ఎపాక్సీతో అతికించారు. అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తులో తేలిన కారణం, త్వరగా గట్టిపడే రకం ఎపాక్సీ నిరంతర భారం కింద నెమ్మదిగా సాగిపోవడం, అనగా క్రీప్. స్వల్పకాలిక లాగుడు పరీక్షలు ఆ లోపాన్ని బయటపెట్టలేదు. ఇక్కడ సొరంగం వేడెక్కలేదు, ఎపాక్సీ మాడలేదు. అయినా ఈ ఘటన మన చర్చకు బయటిది కాదు. పాలిమర్లలో కాలానికీ ఉష్ణోగ్రతకూ పరస్పర వినిమయం ఉంది. ఎక్కువ వేడిలో కొద్దిసేపట్లో జరిగే సాగుదల, తక్కువ వేడిలో దీర్ఘకాలంలో జరుగుతుంది. పదార్థం టీజీ, వినియోగ ఉష్ణోగ్రతకు ఎంత చేరువగా ఉంటే క్రీప్ అంత త్వరపడుతుంది. గట్టిపడే వేగాన్నీ నిమిషాల బలాన్నీ చూసి ఏళ్ల బలాన్ని ఊహించకూడదన్నది ఈ మరణం మిగిల్చిన పాఠం.

8. తేమ ప్రభావం

ఎపాక్సీ నీటిని పీల్చుకుంటుంది. వలలో చేరిన నీటి అణువులు అణుఖండాల మధ్య జారుడును పెంచి, టీజీని పదుల డిగ్రీల మేర తగ్గించగలవు. అధిక టీజీ నిచ్చే ధ్రువశీల నిర్మాణాలే తరచుగా నీటిని ఎక్కువగా ఆకర్షించడం ఇందులోని చిక్కు. విమానభాగాల రూపకల్పనలో పొడి టీజీకి బదులు, తేమతో నిండిన నమూనా టీజీని ప్రామాణికంగా తీసుకుని, దానికి మరికొంత దిగువన వినియోగ పరిమితిని నిర్ణయించడం ఇందుకే. కోస్తా ప్రాంతపు ఉక్కపోతలో పనిచేసే కట్టడాలకు, పడవలకు కూడా ఇదే జాగ్రత్త అవసరం.

9. పరిశోధకులు గమనించవలసినవి

టీజీని కొలిచే ప్రక్రియే నమూనాను మార్చివేయగలదు. సగం క్యూర్ అయిన నమూనాను అవకలన స్కానింగ్ కెలోరిమీటరులో వేడిచేసినప్పుడు, మొదటి తాపనంలో దాని అసలు టీజీ, ఆపైన మిగిలిన చర్య వెలువరించే ఉష్ణం కనిపిస్తాయి. రెండవ తాపనంలో కనిపించే ఎక్కువ టీజీ మన వస్తువుది కాదు. పరికరంలో ఇంకా క్యూర్ అయిన నమూనాది. రెండవ విలువను మాత్రమే నివేదిస్తే, వర్క్‌షాపులో తయారైన బలహీనమైన భాగానికి ప్రయోగశాల బలమైన యోగ్యతాపత్రం ఇచ్చినట్లవుతుంది. గతిజ యాంత్రిక విశ్లేషణలో నెమ్మదిగా వేడిచేసినప్పుడూ ఇదే పొరపాటుకు తావుంది. పైగా ఆ పద్ధతిలో గుణకం పడిపోవడం మొదలైన బిందువు, నష్ట గుణకం శిఖరం, టాన్ డెల్టా శిఖరం వేర్వేరు విలువలు ఇస్తాయి. చివరిది సాధారణంగా అన్నింటికంటే ఎక్కువ. దానినే రూపకల్పనకు ఆధారం చేసుకుంటే, అప్పటికే మెత్తబడిన పదార్థాన్ని బిరుసైనదిగా భావించినట్లే.

కాబట్టి ఎపాక్సీ ఉష్ణసహనాన్ని ప్రస్తావించే ఏ సిద్ధాంతవ్యాసమైనా ఈ క్రింది వివరాలను నమోదు చేయాలి:

అ) రెసిన్, హార్డెనర్ రకాలు, వాటి తుల్యభారాలు, కలిపిన నిష్పత్తి.
ఆ) క్యూరింగ్, పోస్ట్‌క్యూరింగ్ ఉష్ణోగ్రతలు, కాలవ్యవధులు, వేడిని పెంచిన రేటు.
ఇ) నమూనా మందం, వీలైతే దాని మధ్యభాగంలో కొలిచిన ఉష్ణోగ్రత.
ఈ) మొదటి తాపనంలో మిగిలిన చర్యోష్ణం, దాని నుండి లెక్కించిన క్యూరింగ్ శాతం.
ఉ) టీజీని కొలిచిన పద్ధతి, ఎంచుకున్న బిందువు, తాపన రేటు.
ఊ) నమూనా పొడిదా, తేమను పీల్చుకున్నదా అన్న వివరణ.

10. ముగింపు

ఎపాక్సీ ఉష్ణసహనంలో అణునిర్మాణం గరిష్ఠ హద్దును నిర్ణయిస్తే, ఆ హద్దుకు ఎంత చేరువగా వెళ్లగలమో క్యూరింగ్ ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది. గట్టిపడటం, పూర్తిగా క్యూర్ కావడం ఒకటి కాదు. ముట్టుకుంటే గట్టిగా ఉన్న వస్తువులో సైతం చర్య సగంలో నిలిచి ఉండవచ్చు. అందువల్ల అవసరమైన వినియోగ ఉష్ణోగ్రతను ముందుగా నిశ్చయించి, తేమకూ దీర్ఘకాలిక భారానికీ తగిన వ్యత్యాసాన్ని దానికి కలిపి, ఆ టీజీని అందించగల హార్డెనర్‌నూ క్యూరింగ్ క్రమాన్నీ ఎంచుకోవాలి. అంతటి వేడిని ఇచ్చే ఓవెన్ గాని, తాపన దుప్పటి గాని పని జరిగే చోట లేకపోతే, ఎంత మేలైన రెసిన్ కొన్నా దాని ఉష్ణసహనం కాగితానికే పరిమితమవుతుంది. అటువంటప్పుడు కీలు రూపకల్పనను మార్చడమో, భారాన్ని మరలతో మోయించడమో వివేకం. పదార్థ విజ్ఞానాన్ని బోధించే తరగతి గదిలో, ఎపాక్సీ ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుంది అని విద్యార్థి అడిగినప్పుడు, అది ఎన్ని డిగ్రీల వద్ద క్యూర్ అయిందని ఎదురు ప్రశ్న వేయడం సరైన బోధనకు ఆరంభం కాగలదు.